కళ్ళద్దం పక్కన చుక్క

పొద్దున్నే వచ్చి గాజుపలకకు ముద్దు పెట్టడంతో మొదలయ్యే ఉద్యోగం లోకంలో ఇంకోటి ఉండదని తుడుపక్కకు గట్టి నమ్మకం. నమ్మకమే కాదు, కాస్త గర్వం కూడా. ఖగోళశాల పాత ఆఫీసులో, కింది అంతస్తు గదిలో, ఇనుప బీరువాల నిండా పాతిక వేల గాజు ప్లేట్లున్నాయి. ఫిల్ముకు బదులు గాజు వాడిన రోజుల్లో దూరదర్శినికి తగిలించి తీసిన ఆకాశం ఫొటోలు అవి. ప్లేటుకు ఒకవైపు వట్టి గాజు, రెండోవైపు మందు పూత. నక్షత్రాలన్నీ ఆ మందులోనే ఉంటాయి. ఏది ఏ వైపో కంటికి అంత తేలిగ్గా తెలియదు కాబట్టి ఒక మూల పెదవికి ఆనించి చూడాలి. పట్టుకున్నట్టుంటే మందు, జారితే గాజు. పొరపాటున మందు వైపు తుడిచారో, నక్షత్రాలు కాస్తా గుడ్డకు అంటుకుని వస్తాయి.

ఆమె తుడవాల్సింది గాజువైపు మాత్రమే. ఆ ప్లేట్లను చూసిన పాతకాలపు వాళ్ళు గాజుమీద సిరాతో సున్నాలు చుట్టారు, బాణాలు వేశారు, అంకెలు రాశారు. ఇప్పుడు వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. ఎక్కించే యంత్రానికి సిరాచుక్కకూ నక్షత్రానికీ తేడా తెలియదు. అందుకని ముందు లైటు బల్లమీద ప్లేటు పెట్టి గుర్తులను ఫొటో తీయాలి. తర్వాత బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, పక్క గదికి పంపాలి. నాలుగేళ్ళలో పదకొండు వేల ప్లేట్లు తుడిచింది. అసలు పేరు జీతం కాగితంమీద తప్ప ఎక్కడా వినపడదు. పైనున్న పెద్ద సైంటిస్టు దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలావాడి దాకా అందరికీ ఆమె తుడుపక్కే.

ఆ గదికి రాజులాంటివాడు సూపరింటెండెంటు. వెనకాల అందరూ రూలుకర్ర అంటారు. మనిషి కూడా నిటారుగా, సన్నగా, అలాగే ఉంటాడు. 'ముందు ఫొటో, తర్వాతే తుడుపు' అని ఎర్ర అక్షరాలతో రాసి గోడకు అంటించింది ఆయనే. చేరిన కొత్తలో తుడుపక్క ఊరుకోలేక, "ఈ సున్నాలేంటండీ, ఈ గీతలేంటండీ?" అని అడిగింది. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"తుడిచేవాళ్ళకి అర్థాలెందుకమ్మా? అర్థాలు తెలిస్తే చెయ్యి ఆగుతుంది."

ఆమె ఇక అడగలేదు. అడగలేదంటే ఆసక్తి చచ్చిపోయిందని కాదు. రోజుకు పది ప్రశ్నలు గొంతుదాకా వచ్చేవి, మంచినీళ్ళతో పాటు మింగేసేది. నెలాఖరుకు పర్మనెంటు చేసేవాళ్ళ జాబితా రాబోతోంది. నాలుగేళ్ళుగా ఆ జాబితా కోసమే కాచుకుని ఉన్నప్పుడు ఎవడు మాత్రం నోరు పారేసుకుంటాడు?

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ కిందికి దిగివచ్చింది. మందుల డాక్టరు కాదు, గెలాక్సీల మీద చదివి డాక్టరైన పిల్ల. ముప్ఫై ఏళ్ళుంటాయి. మెట్లు రెండేసి దిగుతుంది, మూడేసి మాటలు కలిపి మాట్లాడుతుంది. చేతిలో ఓ పెద్ద కాగితం.

"అక్కా, ఇది చూడండి. మీరు తుడిచి పంపిన ప్లేటే. మధ్యలో ఉన్నది ఎలా కనిపిస్తోంది?"

తెల్లకాగితం మీద నల్లని మరక; ప్లేట్లలో వెలుగు నల్లగానే పడుతుంది. మధ్యలో లావుగా, రెండు పక్కలా సన్నబడుతూ ఉంది. చివరలు ఎక్కడ ఆగాయో చెప్పలేం.

"పక్కనుంచి చూస్తే కళ్ళద్దం బిళ్ళలా ఉందమ్మా."

డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. "సరిగ్గా అదే! కటకం ఆకారపు గెలాక్సీ అంటాం. దీన్ని ఫొటో తీసినాయన కూడా తన నోటుబుక్కులో కళ్ళద్దం అనే రాసుకున్నాడు."

అడగకుండానే చెప్పుకుపోయింది. కొన్ని గెలాక్సీలు సుడులు తిరిగే చేతులతో ఉంటాయట. ఆ చేతుల్లో కొత్త నక్షత్రాలు పుడుతుంటాయి. కొన్ని కోడిగుడ్డులా నున్నగా ఉంటాయి. ఇది ఆ రెంటికీ మధ్యది. పళ్ళెంలా బల్లపరుపుగా ఉంటుంది గానీ చేతులుండవు. కొత్త నక్షత్రాలు పుట్టడానికి కావాల్సిన వాయువు ఎప్పుడో దాదాపు అయిపోయింది. ఉన్నవన్నీ ముసలి నక్షత్రాలే. అక్కడినుంచి వెలుగు ఇక్కడికి రావడానికి ఆరు కోట్ల ఏళ్ళు పట్టింది.

"అంటే పొయ్యి ఆరిపోయిన వంటిల్లన్నమాట," అంది తుడుపక్క. "నిప్పు లేదు, గిన్నెలు మాత్రం ఉన్నాయి."

"అబ్బ, ఎంత బాగా చెప్పారు! ఇప్పుడు ఇక్కడ చూడండి." డాక్టరమ్మ గోటితో చూపించింది. మరక అంచుకు కాస్త ఎడంగా ఒక చిన్న చుక్క. "తర్వాత తీసిన ఏ ఫొటోలోనూ ఇది లేదు. ముందు తీసినవాటిలోనూ లేదు. ఈ ఒక్క ప్లేటులోనే ఉంది. ముసలి నక్షత్రం పేలిందేమో!"

"ముసలివి పేలతాయా?"

"కొన్ని పేలతాయి. చల్లారిపోయిన నక్షత్రం పక్కనున్నదాని సొమ్మంతా లాక్కుని, లాక్కుని, చివరికి పట్టలేక ఒక్కసారి పేలిపోతుంది."

"మా అత్తగారి కథలా ఉందమ్మా ఇది."

ఇద్దరూ నవ్వుకున్నారు. గది చివర రూలుకర్ర దగ్గాడు. డాక్టరమ్మ గొంతు తగ్గించింది. చిక్కల్లా ఏమిటంటే, అది నక్షత్రమో, మందులో పడ్డ మచ్చో తేలడం లేదు. మైక్రోస్కోపు కింద పెడితే సగం అవునంటోంది, సగం కాదంటోంది. ఫొటో తీసిన పెద్దాయన బతికి లేడు. ఆయన నోటుబుక్కులో ఆ ప్లేటు నంబరు ఎదురుగా 'గుర్తు చూడుము' అని రెండే మాటలున్నాయి. గుర్తుల అర్థాలు మాత్రం మొదటి పేజీలో శుభ్రంగా రాసి పెట్టాడు. సున్నా చుట్టి దానిమీద ఇంటూ కొడితే అది వట్టి మచ్చ, పట్టించుకోవద్దని. సున్నా పక్కన రెండు నిలువు గీతలు గీస్తే, మర్నాడు తీసిన ప్లేటుతో పోల్చి చూశాను, రెండింటిలోనూ ఉంది, నిజమైనదేనని.

"మరి ఆ మర్నాటి ప్లేటు?"

"పగిలిపోయిందట. పగిలిన ప్లేట్ల రిజిస్టర్లో ఉంది. కాబట్టి ఇక ఆయన గుర్తే దిక్కు. మీ దగ్గర ఫొటో ఉంటుందిగా? మీ తుడుపు రిజిస్టర్లో ఫొటో తీసినట్టు టిక్కు కూడా చూశాను. రేపొద్దున తీసిపెట్టండి అక్కా."

ఆమె మెట్లు రెండేసి ఎక్కి వెళ్ళిపోయింది. తుడుపక్క కాగితం చివర ఉన్న ప్లేటు నంబరు చూసింది. 

ఆ నంబరు ఆమె మరిచిపోయేది కాదు. నాలుగేళ్ళలో చేసిన ఒకే ఒక్క తప్పు అది. రెండు నెలల కిందట ఓ సాయంత్రం కెమెరా బ్యాటరీ అయిపోయింది. పెట్టెలో ఒక్క ప్లేటు మిగిలింది. పెట్టె ముగించకపోతే రూలుకర్ర మర్నాడంతా సణుగుతాడు. ఒక్కటేగా, ఏమవుతుందిలే అనుకుని తుడిచేసింది. ఫొటో గడిలో టిక్కు పెట్టేసింది. అసలు దొంగతనం తుడవడం కాదు, ఆ టిక్కు. వారం రోజులపాటు ఎవరు ప్లేటు అన్నా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంది. తర్వాత మరుపున పడిపోయిందనుకుంది. పడలేదన్నమాట.

ఇంటికెళ్ళాక కూడా అదే ఆలోచన. గుర్తు ఏమిటి? సున్నా ఉంది, అంతవరకు జ్ఞాపకముంది. దాని మీదో పక్కనో ఇంకేదో ఉంది. ఇంటూనా, గీతలా? కళ్ళు మూసుకుంటే ఇంటూ కనిపిస్తోంది, తెరిస్తే గీతలు కనిపిస్తున్నాయి. పదకొండు వేల గుర్తులు తన చేతికింద పోయాయి, ఒక్కదాన్నైనా నిదానించి చూశానా అనుకుంటే తనమీద తనకే కోపం వచ్చింది.

ఇంట్లో మరో గొడవ నడుస్తోంది. అత్తగారికి కొత్త కళ్ళజోడు వచ్చి మూడు రోజులైంది. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం. ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఆ కళ్ళజోడును నేరస్తుణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది.

"ఇదిగో అమ్మాయ్, షాపువాడు మనకి వాడేసిన అద్దాలు అంటగట్టాడు."

"వాడేసినవి కాదత్తయ్యా. పెట్టెలోంచి నా ఎదురుగానే తీశాడు."

"నా మాట ఎప్పుడు నమ్మావు గనక! ఇటు రా. చూస్తూ ఉండు." ఆవిడ నోరు పెద్దగా తెరిచి అద్దంమీద 'హా' అని ఊదింది. అద్దం మసకబారింది. ఆ మసకలో, ఒక మూల, చిన్న సున్నా తేలింది. మసక ఆరిపోగానే సున్నా మాయమైపోయింది.

తుడుపక్క గబగబా కళ్ళజోడు లాక్కుని తానూ ఊదింది. మళ్ళీ సున్నా. వెలుతురుకు పెట్టి చూస్తే ఏమీ లేదు. గోటితో గీకితే ఏమీ తగల్లేదు. ఊదితే మాత్రం ఉంది.

"చూశావా? ఎవడో గీసినదాన్ని తుడిచి మనకి ఇచ్చాడు. తుడిస్తే పోతుందనుకున్నాడు వెధవ," అంది అత్తగారు విజయగర్వంతో.

అద్దాల షాపువాళ్ళు కొలతకోసం అలాంటి గుర్తు పెడతారని ఆ క్షణాన తుడుపక్కకు తట్టలేదు. తట్టింది ఇంకోటి. చలిరోజుల్లో, పొద్దున్నే, తుడిచిన ప్లేటుమీదికి వంగినప్పుడు తన ఊపిరి తగిలి ఏవో నీడల్లాంటి గీతలు కనపడి పోవడం ఆమె చాలాసార్లు చూసింది. సరిగా తుడవలేదేమోనని మళ్ళీ తుడిచేది. సిరా పోతుంది. కానీ ఏళ్ళ తరబడి సిరా కూర్చున్న చోటు గాజుకు గుర్తుంటుంది కాబోలు.

"అత్తయ్యా, మీరు దేవతండీ."

"ఇప్పుడు తెలిసిందా? అయితే రేపు ఆ షాపువాణ్ణి కడిగేసిరా."

సంతోషం తెల్లారేదాకా కూడా నిలవలేదు. ప్లేటు ఇప్పుడు తన దగ్గర లేదు. ఎక్కించడం అయిపోయిన ప్లేట్లు రూలుకర్ర బీరువాలో ఉంటాయి. తాళం ఆయన నడుముకే. ఏ ప్లేటు బయటికి తీయాలన్నా ఎందుకో చెప్పి, రాసి, సంతకం పెట్టాలి. ఊది చూస్తానంటే, ఫొటో ఉండగా ఊదడమెందుకు అంటాడు. ఫొటో లేదంటే టిక్కు సంగతి బయటపడుతుంది. జాబితా రావడానికి పన్నెండు రోజులుంది. ఊది చూస్తే ఏమైనా కనపడుతుందో లేదో అదీ తెలియదు. ఏమీ కనపడకపోతే ఉద్యోగమూ పోయె, నక్షత్రమూ పోయె.

నోరు మూసుకోవచ్చు. కెమెరాలో ఆ ఫొటో చెడిపోయిందని చెప్పి ఊరుకోవచ్చు. ఇంకా తేలికైన దారి, 'రెండు గీతలున్నాయమ్మా, నాకు బాగా జ్ఞాపకం' అంటే డాక్టరమ్మ ఎగిరి గంతేస్తుంది. అందరికీ మంచిదే. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టకపోవడానికి కారణం భయం ఒక్కటే అయితే ఆ దారే పట్టేది. భయానికి మించిన పురుగొకటి లోపల తొలుస్తోంది. ఆరు కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చిన వెలుగు, ఒక రాత్రి ఒక మనిషి గాజుమీద పడింది. అది నిజంగా వచ్చిందా, రాలేదా? అబద్ధం చెప్పేస్తే ఆ సంగతి తనకు ఎప్పటికీ తెలియదు. తెలియకుండా బతకడం ఆమెవల్ల కాదు.

మర్నాడు రూలుకర్ర బల్లదగ్గర, డాక్టరమ్మ కూడా ఉండగానే, నిలబడి చెప్పేసింది. బ్యాటరీ సంగతి, తుడవడం, టిక్కు, అన్నీ. రూలుకర్ర పెన్ను మూత పెట్టి పక్కన పెట్టాడు.  

డాక్టరమ్మ మాత్రం ముందుకు వంగింది. "పోనీ, మీకు గుర్తుందా అక్కా? రెండు గీతలేనా? బాగా ఆలోచించండి. గీతలే కదూ?"

ఆ పిల్ల కళ్ళల్లో ఎంత ఆశ ఉందంటే, తల ఊపేయాలనిపించింది.

"నాకు జ్ఞాపకం లేదమ్మా. ఉందని చెప్తే అబద్ధమవుతుంది. కానీ ప్లేటు ఒక్కసారి ఇప్పించండి, ఊది చూస్తాను."

"ఊదడమా?" అన్నాడు రూలుకర్ర.

అత్తగారి కళ్ళజోడు కథంతా చెప్పింది. ఆయన కాసేపు గోడమీది ఎర్ర అక్షరాలు చూశాడు. తర్వాత నడుముకున్న తాళంచెవి తీశాడు. రిజిస్టర్లో కారణం గడి దగ్గర చెయ్యి ఆగింది. "ఏమని రాయను?" అని తనలో తాను గొణుక్కుని, 'ఊదుటకు' అని రాసి సంతకం పెట్టాడు.

తుడుపక్క ప్లేటు మూల పెదవికి ఆనించి గాజువైపు చూసుకుంది. కిటికీ వెలుతురుకు వాలుగా పట్టుకుంది. పక్కన డాక్టరమ్మ కెమెరాతో సిద్ధంగా ఉంది. 'హా' అని ఊదింది. మసకలో కళ్ళద్దం గెలాక్సీ పక్కన సన్నని సున్నా లేచింది. దానిమీద అడ్డదిడ్డంగా ఏదో ఉంది. పోయింది. మళ్ళీ ఊదింది. ఈసారి స్పష్టంగా కనిపించింది.

ఇంటూ.

డాక్టరమ్మ కెమెరా దించేసింది. "మచ్చే అన్నమాట," అంది. గొంతులో పెద్ద బాధేమీ లేనట్టే అంది గానీ, కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

తుడుపక్క కూర్చోలేదు. ప్లేటు మీదనుంచి కళ్ళు తీయలేదు. ఏదో తేడాగా ఉంది. పదకొండు వేల ప్లేట్లు తుడిచిన చెయ్యి తనది. తన తుడుపు తనకు తెలుసు. బ్లేడు ఎడమనుంచి కుడికి, గుడ్డ పైనుంచి కిందికి. తను తుడిచిన గీత అంచులు కత్తిరించినట్టుంటాయి. సున్నా అంచులు అలాగే ఉన్నాయి. ఇంటూ అంచులు అలా లేవు. అలుక్కుపోయి, పక్కకు జారినట్టున్నాయి.

"అయ్యా, మీరు ఊదండి. నేను చూస్తాను."

రూలుకర్ర జన్మలో ఎవరి మాటమీదా ఏ వస్తువుమీదా ఊది ఉండడు. అయినా ఊదాడు. ఊపిరి చాలలేదు. డాక్టరమ్మ లేచి వచ్చి తానూ ఊదింది. ముగ్గురూ వంతులవారీగా పొగరాని పొయ్యి ఊదుతున్నట్టు ఊదారు. నాలుగోసారికి తుడుపక్క వేలు చూపించింది.

"ఇదిగో, ఈ ఇంటూ నేను తుడిచింది కాదు. దీన్ని సిరా తడిగా ఉండగానే ఎవరో వేలితో తుడిచేశారు. చూడండి, బొటనవేలి గీతలు. పక్కకి ఈడ్చారు. నేను వచ్చేసరికి ఇది గాజుమీద లేనే లేదు. ఇప్పుడు ఇటు, సున్నా కుడిపక్కన చూడండి. వాలుగా పెట్టాలి."

డాక్టరమ్మ తల ఆమె భుజానికి ఆనించి చూసింది. సున్నా కుడిపక్కన రెండు నిలువు గీతలు. పొట్టివి, పక్కపక్కన. అంచులు కత్తిరించినట్టున్నాయి.

"ఇవీ నేను తుడిచినవి," అంది తుడుపక్క. "ఇది నా బ్లేడే."

 తర్వాత డాక్టరమ్మ మెల్లగా, ఈసారి మాటలు విడదీసి, చెప్పింది. "ముందు మచ్చ అనుకున్నాడు. ఇంటూ కొట్టాడు. అంతలో ఏదో అనుమానం వచ్చింది. వేలితో చెరిపేశాడు. మర్నాడు మళ్ళీ ఫొటో తీశాడు. ఉంది. అప్పుడు గీతలు గీశాడు."

"తప్పు చేసి దిద్దుకున్నాడు," అన్నాడు రూలుకర్ర. ఆ మాట ఎవర్ని ఉద్దేశించి అన్నాడో ఆయన చెప్పలేదు.

అప్పుడు తుడుపక్కకు ఏడుపొచ్చింది. సంతోషమే. ముసలి నక్షత్రాల ఊళ్ళో నిజంగానే ఒకటి పేలింది. ఆ వెలుగు నిజంగానే వచ్చింది. ఎవరో ఒకాయన చలిలో బొటనవేలికి సిరా అంటించుకుని దాన్ని చూశాడు. ఇప్పుడు తను చూసింది. డాక్టరమ్మ ఆమెను గట్టిగా కావలించుకుని, 'ప్లేటు జాగ్రత్త' అని రూలుకర్ర అరిచేదాకా వదల్లేదు. తర్వాత ముప్ఫై ఏడు ఫొటోలు తీసింది. ఊది ఊది ముగ్గురికీ తల తిరిగింది.

సాయంత్రం రూలుకర్ర పిలిచాడు. రిజిస్టర్ తెరిచి ఆ టిక్కు చూపించాడు. ఆమె పెన్ను తీసుకుని దాన్ని కొట్టేసి, 'ఫొటో తీయలేదు, తుడిచినది నేను' అని రాసి, అసలు పేరుతో సంతకం పెట్టింది. ఆయన చదివి తల ఊపాడు.

"ఉద్యోగం ఉంటుంది. జాబితాలో పేరు మాత్రం ఈ ఏడు ఉండదమ్మా. ఉంచితే నేను రాసిన రూలుకి నేనే విలువ ఇవ్వనట్టు."

"అలాగేనండీ." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాలుగేళ్ళ ఆశ కదా, ఆపుకుంటే ఆగుతుందా. "ఒక్కటి అడగొచ్చా?"

"అడుగు."

"గుర్తుల అర్థాలు, ఆ మొదటి పేజీ, నాకూ ఒకటి కాపీ ఇప్పిస్తారా?"

ఆయన సొరుగు లాగి ఒక కాగితం తీసి ముందుకు తోశాడు. అప్పటికే కాపీ తీసి పెట్టాడు.

మర్నాడు పొద్దున తుడుపక్క కాగితాన్ని ఎర్ర అక్షరాల కింద అంటించింది. మొదటి ప్లేటు మూల పెదవికి ఆనించింది. గాజువైపు తిప్పింది. ఒక సున్నా, దానికి చిన్న తోక. కాగితం చూసింది. 'కదులుతోంది' అని ఉంది. ఏది కదులుతోంది? ఎక్కడికి? ఫొటో తీసింది. జాగ్రత్తకి ఇంకో ఫొటో కూడా తీసింది. బ్లేడు చేతిలోకి తీసుకుంది. చెయ్యి ఆగింది.

గది చివరినుంచి రూలుకర్ర చూశాడు గానీ, ఏమీ అనలేదు.